గసగసాల పువ్వు, అద్దకం బల్ల: మారిమెక్కో కేస్ స్టడీ

రెండేళ్ల కిందట పెడనలో ఒక కలంకారీ యూనిట్ యజమాని నా ముందు ఒక దిండు గలేబు పెట్టాడు. ఆ యూనిట్‌కి నేను అప్పుడప్పుడూ డిజైన్లు చేసి పెడుతుంటాను. అమెరికాలో ఉన్న ఆయన మేనకోడలు వస్తూ వస్తూ తెచ్చిందట. తెల్లటి నూలు బట్ట మీద అరచేతి కంటే పెద్ద పువ్వులు, ఎరుపూ గులాబీ రంగుల్లో, మధ్యలో నలుపు.

"ఇందులో ఏముంది మేడం? మన కుర్రాళ్లు ఒక పూటలో కొట్టేస్తారు. దీనికి అంత రేటు పెట్టి ఎందుకు కొంటున్నారు?"

"బ్రాండ్ కదండీ" అని తప్పించుకున్నాను. కానీ ఆ జవాబు నాకే నచ్చలేదు. పాతికేళ్లుగా అద్దకం బట్టలతోనే బతుకుతున్నదాన్ని, ఆమాత్రం కూడా చెప్పలేకపోతే ఎలా? అందుకే ఆ బ్రాండు చరిత్రని కేసులాగా తీసుకుని, ఎప్పుడు ఎవరు ఏ నిర్ణయం తీసుకున్నారు, దానివల్ల బల్ల దగ్గర పని ఏమైంది అని వెతుక్కుంటూ వెళ్లాను. ఇది ఆ రాత.

ఆ పువ్వు పేరు ఉనిక్కో. ఫిన్నిష్ భాషలో గసగసాల పువ్వు అని. పుట్టింది 1964లో. కంపెనీ పేరు మారిమెక్కో, ఊరు హెల్సింకి. మనవాళ్లంతా దీన్ని స్కాండినేవియన్ డిజైన్ అంటారు. భూగోళం పుస్తకం ప్రకారం స్కాండినేవియా అంటే స్వీడన్, నార్వే, డెన్మార్క్. ఫిన్లండ్ అందులో లేదు, భాష కూడా ఆ కుటుంబానిది కాదు. కానీ 1954 నుంచి 1957 వరకు అమెరికా, కెనడా ఊళ్లు తిరిగిన "డిజైన్ ఇన్ స్కాండినేవియా" ప్రదర్శనలో ఫిన్లండ్ సామాను కూడా ఉంది. అప్పట్నుంచి ఆ ముద్ర పడిపోయింది. ఆ ముద్ర వినగానే మనకి తెల్ల గోడ, లేత రంగు చెక్క, బూడిద రంగు సోఫా గుర్తొస్తాయి. మారిమెక్కో దానికి పూర్తిగా ఎదురు. ఇంత గాఢమైన రంగులు చలిదేశం వాళ్లకి ఎందుకు కావాల్సి వచ్చాయో అర్థం కావాలంటే యుద్ధం అయిపోయిన రోజుల నుంచి మొదలుపెట్టాలి.

ఆయిల్‌క్లాత్ ఫ్యాక్టరీ

1949లో విల్యో రాటియా హెల్సింకి శివార్లలో ప్రింటెక్స్ అనే ఆయిల్‌క్లాత్ ఫ్యాక్టరీ కొన్నాడు. బల్లల మీద పరుచుకునే సరుకు, పెద్దగా లాభం లేదు. దాని బదులు నూలు బట్ట మీద రంగులు అద్ది అమ్మితే ఎలా ఉంటుందనే ఆలోచన వచ్చాక ఆయన భార్య ఆర్మి రంగంలోకి దిగింది.

ఆర్మి రాటియా 1912లో కరేలియాలో పుట్టింది. హెల్సింకిలో టెక్స్‌టైల్ డిజైన్ చదివి, కరేలియాలోనే ఉన్న వీపురి పట్నంలో నేత దుకాణం నడిపింది. యుద్ధం తర్వాత కరేలియాలో చాలా భాగం సోవియట్ యూనియన్‌కి పోయింది. 4 లక్షల మందికి పైగా ఇల్లూ వాకిలీ వదిలేసి ఫిన్లండ్ మిగతా భాగానికి వచ్చేశారు. ఆర్మి దుకాణం కూడా అలాగే పోయింది. హెల్సింకిలో ఒక యాడ్ ఏజెన్సీలో చేరి కొన్నేళ్లు ప్రకటనలు రాసింది. ఈ చివరి ముక్క చిన్నదనిపిస్తుంది కానీ నా లెక్కలో కేసంతా ఇక్కడుంది. బట్ట తెలిసినవాళ్లు మన దగ్గర వేలమంది ఉన్నారు. ఆ బట్ట గురించి నాలుగు మాటలు చెప్పి అమ్మగలిగినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. ఆ రెండూ ఆమె ఒక్కతిలోనే ఉన్నాయి.

ఆర్మి మొదట వెతుక్కున్నది డిజైనర్‌ని. ఇంకా చదువుకుంటున్న మైయా ఇసోలా పని చూసి 1949లోనే తీసుకుంది. ఇసోలాకి అప్పుడు 22 ఏళ్లు. తర్వాత 38 ఏళ్లలో ఆమె 500కి పైగా డిజైన్లు గీసింది.

బట్ట తయారైంది. చూసినవాళ్లు బాగుందన్నారు, కొన్నవాళ్లు తక్కువ. అంత పెద్ద బొమ్మలున్న గుడ్డతో ఏం కుట్టించుకోవాలో జనానికి తెలియలేదు. చీరల షాపులో గుమాస్తా ఏం చేస్తాడు? చీర విప్పి, పమిట తన భుజం మీదే వేసుకుని చూపిస్తాడు. ఆర్మి చేసిందీ అదే. 1951 మే 20న హెల్సింకిలోని కలస్టాయటోర్పా అనే రెస్టారెంట్‌లో, రీటా ఇమ్మొనెన్ డిజైన్ చేసిన గౌనులతో ఫ్యాషన్ షో పెట్టించింది. అమ్మాలనుకున్నది బట్ట, గౌనులు దాన్ని చూపించడానికే. జనం గౌనులే కావాలన్నారు. అయిదు రోజుల తర్వాత, మే 25న మారిమెక్కో కంపెనీ రిజిస్టరైంది. మారి అంటే అమ్మాయి పేరు, ఆర్మిలోని అక్షరాలే అటూ ఇటూ మారిస్తే వస్తుంది. మెక్కో అంటే గౌను.

అంటే ఇది ఫ్యాషన్ కంపెనీగా పుట్టలేదు. అద్దకం ఫ్యాక్టరీ సరుకు కదలడానికి పెట్టిన షోరూమ్‌గా పుట్టింది. ఈ వరస గుర్తుపెట్టుకోండి, ముప్ఫై ఏళ్ల తర్వాత దీన్ని మర్చిపోయినవాళ్లే మునిగారు.

బల్ల దగ్గర

ఇక్కడ కాస్త పనితనం గురించి చెప్పాలి. ఇది తెలియకపోతే ఉనిక్కో ఉత్త పువ్వే.

పెడనలో మేం వాడే టేకు అచ్చు చేతిలో పట్టాలి, ఎత్తాలి, రంగులో ముంచాలి, సమంగా దింపాలి. కాబట్టి దాని సైజుకి హద్దుంది. 15 సెంటీమీటర్ల చదరపు అచ్చు అనుకుందాం. 44 అంగుళాల పన్నా ఉన్న బట్ట ఒక మీటరు నింపాలంటే ఒక్కో రంగుకి సుమారు 50 దెబ్బలు పడాలి. బొమ్మ చిన్నదిగా ఉండి మళ్లీ మళ్లీ రావడం మా అద్దకానికి అందం, అది చేతి కొలత నుంచి వచ్చిన అందం. మిల్లుల్లో రోటరీ మెషీన్ ఉంటుంది. అందులో స్క్రీన్ గొట్టంలా ఉండి తిరుగుతుంటుంది. మామూలుగా దాని చుట్టుకొలత 64 సెంటీమీటర్లు, కాబట్టి బొమ్మ 64కి ఒకసారి తిరిగి రావాల్సిందే. బల్లపరుపు స్క్రీన్‌కి ఆ ఇబ్బంది లేదు. చట్రం ఎంత పెద్దదైతే బొమ్మ అంత పెద్దది. పొడవాటి బల్ల మీద బట్ట పరిచి, చట్రం పెట్టి, రంగు లాగి, ఎత్తి, పక్కకి జరపాలి. మెల్లగా సాగే పని. ఒక్క రంగు పక్కకి జరిగినా మీటర్లకి మీటర్లు పోతాయి.

ప్రింటెక్స్‌లో ఉన్నది ఇదే పద్ధతి. ఇసోలా దీన్ని పూర్తిగా వాడుకుంది. పెద్ద కాగితాలు పరుచుకుని, బట్ట మీద ఎంత ఉండాలో అంతే సైజులో గీసేది. 1956 నాటి కివెట్ చూడండి. కివెట్ అంటే రాళ్లు. గుండ్రటి, కోలగా ఉన్న నల్లటి ముద్దలు, అంతే. పుస్తకంలో ఫొటోగా చూస్తే పిల్లల చేత గీయించినట్టుంటుంది. కిటికీకి పరదాగా వేలాడదీస్తే గది అంతా దానిదే. చిన్న సైజులో గీసి పెద్దది చేసిన బొమ్మకీ, పెద్దదిగానే గీసిన బొమ్మకీ గీత అంచులో తేడా కనిపిస్తుంది. మా పనిలో ఉన్నవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు.

కత్తిరింపు కూడా ఆ బొమ్మ చెప్పినట్టే సాగింది. నడుము దగ్గర కుదించి, కుచ్చులు పెట్టి, పది ముక్కలు కలిపి కుడితే అంత పెద్ద డిజైన్ తునాతునకలవుతుంది. అందుకే మారిమెక్కో గౌనులు వదులుగా, తక్కువ కుట్లతో, సంచిలా ఉండేవి. వాటిని చూసి ఆడవాళ్ల స్వేచ్ఛ గురించి చాలా రాశారు. అదీ నిజమే. అంతకంటే ముందు అది బట్ట వృథా కాకుండా, బొమ్మ చెడకుండా కత్తిరించే దర్జీ లెక్క.

1953లో చేరిన వుయొక్కో ఎస్కొలిన్-నుర్మెస్నియెమి ఇంకో మెట్టు ఎక్కించింది. ఆమె చేసిన పిక్కొలో చారల డిజైన్‌లో గీతలు స్కేలు పెట్టి గీసినట్టుండవు, కుంచెతో లాగినట్టు అంచులు తేడాగా ఉంటాయి. ఒక రంగు పక్క రంగు మీదకి కొంచెం ఎక్కుతుంది, ఆ ఎక్కిన చోట మూడో రంగు పుడుతుంది. మా దగ్గర రంగు మీద రంగు ఎక్కితే ఆ తాను సెకండ్స్‌లోకి, అంటే లోపమున్న సరుకులోకి పోతుంది, మేస్త్రీకి చీవాట్లు పడతాయి. ఆమె ఆ తప్పునే డిజైన్ చేసింది. రెండు స్క్రీన్ల ఖర్చుతో మూడు రంగులు. 1956లో ఆ చారలతోనే కుట్టిన యొకపొయికా అనే చొక్కా ఇప్పటికీ అమ్ముతున్నారు. ఆ పేరుకి "ప్రతి అబ్బాయీ" అని అర్థం. వేసుకున్నది మాత్రం ఆడా మగా అందరూ.

ఇంకొక్క విషయం, నాకు అన్నిటికంటే నచ్చింది. మారిమెక్కో బట్ట పక్క అంచు మీద డిజైన్ పేరు, గీసినవాళ్ల పేరు, సంవత్సరం అచ్చు వేస్తారు. ఏ మీటరు కొన్నా అందులో ఆ మనిషి పేరుంటుంది.

వద్దన్న పువ్వు

పూల డిజైన్లు మారిమెక్కో వేయదని ఆర్మి తేల్చి చెప్పింది. చెట్టు మీద ఉన్న పువ్వు అందం బట్ట మీదకి రాదని ఆమె వాదన. అప్పటికి మార్కెట్ నిండా చిన్న చిన్న గులాబీల బట్టలే ఉన్నాయి, వాటికి భిన్నంగా కనపడాలన్న లెక్క కూడా ఉండి ఉంటుందని నా ఊహ. ఇసోలా ఊరుకోలేదు. 1964లో వరసపెట్టి పూల డిజైన్లు గీసి తెచ్చింది. వాటిలో ఉనిక్కో ఒకటి. ఆర్మి చూసింది, కొన్నిటిని ఒప్పుకుంది.

ఈ కథని జనం ఆర్టిస్టు గెలిచినట్టుగా చెప్పుకుంటారు. నాకు ఆర్మి గొప్పగా అనిపిస్తుంది. నలుగురి ముందు ఒక మాట అన్నాక, జీతమిచ్చే చోట కూర్చుని, ఆ మాట వెనక్కి తీసుకోవడం తేలిక కాదు. నేను పనిచేసిన ఒక ఎక్స్‌పోర్ట్ హౌస్‌లో "మనం నీలం వాడం" అని యజమాని ఒకసారి అన్న పాపానికి నాలుగేళ్లు నీలం ముట్టుకోలేదు.

ఉనిక్కో పువ్వుని దగ్గరగా చూస్తే నీడ లేదు, ఈనె లేదు, గులాబీకి ఉండే సింగారం లేదు. కత్తెరతో కాగితం కత్తిరించినట్టు చదునైన రంగు. పూలు వద్దన్న ఆర్మి మాటకి అదే సరైన జవాబు. అసలు పువ్వుతో పోటీ పడకుండా బొమ్మ బొమ్మగానే ఉండిపోయింది.

అమెరికా దారి

బెంజమిన్ థాంప్సన్ అనే ఆర్కిటెక్ట్ మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్‌లో 1953లో డిజైన్ రీసెర్చ్ అనే షాపు పెట్టాడు. 1959 నుంచి అందులో మారిమెక్కో వచ్చింది. 1960లో, భర్త అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న రోజుల్లో, జాక్వెలిన్ కెనెడీ కేప్ కాడ్‌లో ఉన్న ఆ షాపు బ్రాంచిలో ఒకేసారి చాలా గౌనులు కొంది. పారిస్ బట్టల మీద డబ్బు తగలేస్తోందని పత్రికలు ఆమెని ఆడిపోసుకుంటున్న సమయం. నూలు గౌను దానికి మంచి సమాధానమైంది. ఆ డిసెంబరులో స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ ముఖచిత్రంలో భర్తతో పాటు పడవలో కూర్చున్న ఆమె ఒంటి మీద మారిమెక్కో గౌనే ఉంది. ఒక్క పైసా ఖర్చు లేని ప్రచారం. కానీ వ్యాపారిగా చూస్తే నాకు ఇందులో టెన్షన్ పెట్టే సంగతి వేరే ఉంది. అమెరికా అమ్మకాలు ఎక్కువగా ఒక షాపు మీద ఆధారపడ్డాయి. ఆ షాపు 1978లో మూతపడింది. అప్పటికి అమెరికన్ మిల్లు డాన్ రివర్‌కి దుప్పట్ల లైసెన్స్ ఇవ్వడం మంచిదైంది. జపాన్ నుంచి వచ్చి మారిమెక్కోలో పనిచేసిన కత్సుజి వాకిసకా గీసిన బో బూ కార్ల బొమ్మలు అమెరికా పిల్లల మంచాల మీదకి చేరింది అలాగే.

ఊరు కట్టబోయి

1960ల మధ్యలో ఆర్మికి ఊరు కట్టాలనే ఆలోచన వచ్చింది. పోర్వో దగ్గర బ్యోకార్స్ ఎస్టేట్‌లో తన ఉద్యోగులంతా ఉండేలా ఒక ఊరు, దాని పేరు మారిక్యులా. ఆర్కిటెక్ట్ ఆర్నో రూసువుఒరి గీసిన నమూనా ఇల్లు 1966లో లేచింది. మారిమెక్కో ఇల్లు, మారిమెక్కో పరదా, మారిమెక్కో దుప్పటి, పని నుంచి వచ్చి అందులోనే పడుకోవాలి. అంతకు మించి సాగలేదు. డబ్బు చాలక ఆపేశారు.

ఆర్మిని తప్పుపట్టలేను. ఊరు పోగొట్టుకుని వచ్చిన మనిషి ఊరు కట్టాలనుకుంది. అయినా కేసులో రాయాల్సింది రాయాలి. అద్దకం బల్ల సంపాదించింది ఇటుకల్లోకి వెళ్లింది.

పన్నెండేళ్లు

1979 అక్టోబరులో ఆర్మి చనిపోయింది. 1985లో వారసులు కంపెనీని అమేర్ గ్రూప్‌కి అమ్మేశారు. సిగరెట్లతో మొదలై, కార్ల దిగుమతి, పుస్తకాలు, ఆటసామాను దాకా రకరకాల వ్యాపారాలున్న పెద్ద సంస్థ. అందులో మారిమెక్కో ఒక డిపార్ట్‌మెంట్. నష్టాలు పేరుకున్నాయి. నేను చాలా సంస్థల్లో చూసిన కథే ఇది. లెక్కల పుస్తకంలో స్క్రీన్లు, రంగుల గది, పాత డిజైన్ల బీరువా అన్నీ ఖర్చు కిందే కనపడతాయి. వాటి విలువ వేయడానికి ఏ గడీ ఉండదు.

1991లో కిర్స్టి పాక్కనెన్ దీన్ని తీసుకుంది. అప్పటికి ఆమెకి అరవై దాటాయి. ఆడవాళ్లతోనే నడిపిన వొమేనా అనే యాడ్ ఏజెన్సీని పెట్టి పేరు తెచ్చుకున్న మనిషి. ఆర్మి కూడా ప్రకటనల నుంచే వచ్చింది, మళ్లీ అదే దారి. ఫిన్లండ్‌కి అప్పుడు ఘోరమైన మాంద్యం. సోవియట్ వ్యాపారం కుప్పకూలింది, బ్యాంకులు తూలుతున్నాయి. అలాంటప్పుడు ఈమె అమేర్ కింద కోల్పోయిన చొరవని డిజైనర్లకి తిరిగి ఇచ్చి, బీరువాలో ఉన్న యాభై, అరవైల నాటి డిజైన్లు బయటకి తీసింది. కొన్నేళ్లలో కంపెనీ లాభాల్లోకి వచ్చింది. ఉనిక్కో మళ్లీ పెద్దగా లేచింది కూడా ఆమె హయాంలోనే. మైయా కూతురు క్రిస్టినా ఇసోలా ఆ పువ్వుకి కొత్త రంగులు కట్టింది. నీలం ఉనిక్కో, నలుపు తెలుపు ఉనిక్కో, గొడుగులు, గమ్ బూట్లు, కప్పులు. తల్లి మైయా 2001లో చనిపోయింది.

ఇదంతా జరగడానికి ఒక షరతు ఉంది. పాత డిజైన్లు, వాటి హక్కులు, వాటిని అచ్చు వేయగల బల్ల, మూడూ ఒకే చోట మిగిలి ఉండాలి. హెల్సింకిలోని హెర్టోనియెమి ఫ్యాక్టరీలో ఇప్పటికీ అద్దకం నడుస్తోంది, ఏడాదికి పది లక్షల మీటర్ల స్థాయిలో. కుట్టుపని చాలావరకు బయటి దేశాలకి వెళ్లిపోయింది. బల్ల మాత్రం వెళ్లలేదు. నేను పెడన ఆయనకి చెప్పాల్సిన జవాబు ఇది.

మచ్చ

2008లో మికా ఇహముఓటిలా అనే బ్యాంకర్ పాక్కనెన్ నుంచి పగ్గాలు తీసుకున్నాడు. ఆ తర్వాత హెచ్ అండ్ ఎమ్‌తో, టార్గెట్‌తో, యూనిక్లోతో కలిసి పాత డిజైన్లు చౌక బట్టల మీదకి కూడా వెళ్లాయి. ఫిన్‌ఎయిర్ విమానాల మీదకీ ఎక్కాయి. 2013లో ఆ విమానం వల్లే తల వంచుకోవాల్సి వచ్చింది. క్రిస్టినా ఇసోలా గీసిన మెట్సన్‌వాకి అనే అడవి బొమ్మ, ఉక్రెయిన్ జానపద చిత్రకారిణి మరియా ప్రిమచెంకో 1963లో వేసిన చిత్రానికి కాపీ అని హెల్సింకి పత్రిక బయటపెట్టింది. క్రిస్టినా ఒప్పుకుంది. విమానానికి మళ్లీ రంగు వేశారు, డిజైన్ ఆపేశారు.

ఉనిక్కోని ఎవరైనా కాపీ కొడితే కోర్టుకెళ్లే కంపెనీ ఇది. అలాంటి చోట ఒక పల్లెటూరి చిత్రకారిణి బొమ్మ పేరు లేకుండా దాటిపోయింది. జానపదం అంటే ఎవరిదీ కాదు అనుకునే అలవాటు అన్ని దేశాల్లోనూ ఉంది. మా కలంకారీ చెట్టు, నెమలి, హంస ఎన్ని షాపుల్లో ఎన్ని పేర్లతో తిరుగుతున్నాయో చూస్తూనే ఉన్నాం. అంచు మీద పేరు వేసే ఆచారం ఉన్న ఇంట్లోనే ఈ పని జరగడం నన్ను ఎక్కువ బాధపెట్టింది.

2015 నుంచి తీనా అలాహుహ్టా-కాస్కో నడుపుతోంది. 2023లో అమ్మకాలు సుమారు 17.4 కోట్ల యూరోలు. అందులో సగానికి పైగా ఫిన్లండ్‌లోనే. తర్వాతి పెద్ద మార్కెట్ ఆసియా, ముఖ్యంగా జపాన్. నాకు ఇందులో ఒక అనుమానం లేకపోలేదు. 2009లో మైయా లౌఎకారి గీసిన తోట బొమ్మ, దానితో వచ్చిన ఓయివా కప్పులూ పళ్లేలూ తప్పిస్తే, కొత్త శతాబ్దంలో ఉనిక్కోలాగా జనం నోట్లో నానిన డిజైన్ నాకు కనపడదు. అరవై ఏళ్ల పువ్వు ఇంకా ఇల్లు నడుపుతోంది.

ఈ కేసు రాసుకున్నాక పెడనలో ఒక ప్రయత్నం చేశాం. అచ్చు చెక్కిన ఆయన పేరు, ఏడాది ఉన్న సన్నటి అచ్చు ఒకటి చేయించి, రెండు వందల మీటర్ల తానుకి అంచు పొడుగునా కొట్టించాం. ఆయన మొదట ఒప్పుకోలేదు. "నా పేరు బట్ట మీద ఎందుకమ్మా, తొక్కుతారు" అన్నాడు. నచ్చజెప్పాం. సరుకు వెళ్లింది. బయ్యర్ దగ్గర్నుంచి పరదాలుగా కుట్టిన ఫొటోలు వచ్చాయి, చక్కగా ఉన్నాయి. అంచు మాత్రం లోపలికి మడిచి కుట్టేశారు. ఈసారి అంగుళంన్నర లోపలికి జరిపి కొట్టమని చెప్పాను.